సుద్దగీత తెగిన చోటు

"రేపు పొద్దున నిన్ను జడ్జి ముందు నిలబెడతారు. ఏడవడానికి ఆ తర్వాత బోలెడంత టైముంటుంది. ఇప్పుడు నాకు జవాబులు కావాలి," అన్నాను.

కటకటాల అవతల బాఫో ముక్కు తుడుచుకున్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఊళ్ళో చుట్టాల అంత్యక్రియలకి కట్టుకెళ్ళిన నల్లబట్ట ఇంకా ఒంటిమీదే ఉంది. మంగళవారం ఊళ్ళోంచి దిగి షాపుకి వచ్చేసరికి వాళ్ళ మామయ్య అదార్క్వా మాస్టర్ చిత్రిక యంత్రం వెనక్కి తన్నిన చెక్క తగిలి, దాని ముందే చచ్చిపడి ఉన్నాడు. బట్ట మార్చుకునే లోపలే ఇన్‌స్పెక్టర్ బ్రెంపాంగ్ వీణ్ణి లోపలేశాడు. చెక్క సిద్ధం చేసింది మేనల్లుడు, పోయింది మామయ్య, షాపు దక్కేది మేనల్లుడికి. మా అశాంటీ జాతివాళ్ళలో ఆస్తి కొడుకు చేతికి కాదు, అక్కచెల్లెళ్ళ కొడుకు చేతికి పోతుంది. ఇంతకంటే సులువైన కేసు బ్రెంపాంగ్‌కి ఈ జన్మలో దొరకలేదు.

"శుక్రవారం ఆ చెక్కని ఏం చేశావో మొదట్నించీ చెప్పు."

"ఇనుప బ్రష్‌తో దులిపాను ఆంటీ. అడవిలోంచి మోసుకొచ్చేవాళ్ళు దారిపొడుగునా కింద పడేస్తారు కదా, ఇసుకంతా పట్టుకుని ఉంటుంది. అలాగే పెడితే బ్లేడ్లు మొద్దుబారిపోతాయి. తర్వాత అయస్కాంతం తిప్పాను. ఒక మేకు దొరికింది, పీకేశాను."

"తర్వాత?"

"సుత్తి పిడితో ఈ చివర్నించి ఆ చివరికి తట్టుకుంటూ పోయాను. ఒడుమ్ చెట్టుకి కడుపులో రాళ్ళు పుడతాయి. అవి అయస్కాంతానికి దొరకవు, చెవికే దొరకాలి. చప్పుడు ఎక్కడా మారలేదు. అప్పుడు సుద్ద గీశాను, నిలువునా అడ్డంగా."

"సుద్ద ఎందుకు?"

"యంత్రం ఎక్కడ చెక్కిందో ఎక్కడ వదిలేసిందో తెలియడానికి. కానీ మా షాపులో దానికి ఇంకో అర్థం కూడా ఉంది. ఇది నేను చూశాను, పూచీ నాది అని. ఎవరు సుద్ద గీస్తే వాళ్ళే ఆ చెక్కని యంత్రానికి పెట్టాలి. అది మామయ్య రూలు."

"మరి మంగళవారం ఆ రూలు ఆయనే ఎందుకు తప్పాడు?"

వాడు మళ్ళీ ఏడుపందుకున్నాడు. "నేను రాలేదు. మా వ్యాను దారిలో ఆగిపోయింది. కరెంటేమో ఆ పొద్దున్నే వచ్చిందట. ఉన్నప్పుడే పని కానిచ్చేద్దాం అనుకుని ఉంటాడు. నా సుద్ద చూసి నమ్మాడు ఆంటీ."

వాడి ఏడుపు నన్ను కరిగించలేదు. పదేళ్ళు పోలీసులో చేసినదాన్ని. హంతకులు ఏడ్చినంత బాగా మంచివాళ్ళు ఏడవలేరని నాకు తెలుసు.

"మీ మామయ్యతో నీకు గొడవైందట కదా?"

"అయింది, అదోమా గురించి. మామయ్య కూతుర్ని చేసుకుంటానంటే మొదట కస్సుమన్నాడు. ఆ తర్వాత ఆయనే మా అమ్మని పిలిచి, వచ్చే నెల తలుపు తట్టడానికి రమ్మన్నాడు."

తలుపు తట్టడమంటే మాకు పిల్లనడగడం. మేనరికం కుదిరిందన్నమాట. మామయ్య పిల్లనీ ఇస్తున్నాడు, షాపూ ఇస్తున్నాడు. అటువంటి మామయ్యని ఎవడైనా చంపుకుంటాడా? లేక మామయ్య మళ్ళీ మనసు మార్చుకున్నాడా? ఆ అనుమానాన్ని వెంటబెట్టుకునే నేను మాస్టర్ షాపున్న కట్టెపేటకి బయల్దేరాను.

నన్ను పనిలో పెట్టింది బాఫో తల్లి, ఎనో సెవా. ఎనో అని పెద్దావిణ్ణి పిలిచే పిలుపు. తమ్ముడు మార్చురీలో, కొడుకు లాకప్పులో. పేట వాకిట్లో నాకోసం నిలబడి ఉంది, ఎండలో, గొడుగు చేతిలో పెట్టుకుని కూడా వేసుకోవడం మర్చిపోయి.

పేటలో మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. యంత్రాలన్నీ నోరు మూసుకుని ఉన్నాయి. మాస్టర్ షెడ్డు తాళం అసిబే తీశాడు. మాస్టర్ దగ్గర పధ్నాలుగేళ్ళుగా ఉన్న పెద్ద పనివాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దూరంగా ఉండండి మేడమ్. అపోలో."

కళ్ళకలకకి మా దేశంలో అదే పేరు. మనిషి చంద్రుడి మీద దిగిన ఏడు మొదటిసారి వచ్చిందట, పేరు అలా అంటుకుపోయింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఆ చెక్క నువ్వేమైనా ముట్టుకున్నావా అసిబే?"

"నేనా? ఒడుమ్ నా ఒంటికి పడదు మేడమ్. దాని పొడి తగిలిందంటే గోక్కుని చావాల్సిందే. మాస్టర్ నాకు తెల్ల వావా చెక్కలు తప్ప ఇచ్చేవాడు కాదు. పేటలో ఎవర్నైనా అడగండి."

"అడుగుతాను. మంగళవారం ఎక్కడున్నావు?"

"బయట నీళ్ళు తాగుతున్నాను. తుపాకీ పేలినట్టు వినిపించింది. పరిగెత్తి వచ్చేసరికి..." కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఆయన నాకు తండ్రి లాంటివాడు మేడమ్."

యంత్రం చుట్టూ తిరిగాను. పళ్ళూడిన బ్లేడ్లు, కింద నెత్తురు ఇంకిన పొట్టు. యంత్రానికి చెక్క పెట్టేవాడు ఎప్పుడూ ఆ చెక్కకి తిన్నగా వెనక నిలబడడు. బ్లేడు రాతికో మేకుకో తగిలిందంటే చెక్క వెనక్కి తంతుంది. అందుకే పక్కకి ఒదిగి నిలబడతాడు. మాస్టర్ ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. ఆయనకి చెక్క సరిగ్గా పొట్టలో తగిలింది. అంటే ఆయన నిలబడకూడని చోట నిలబడ్డాడు.

ఎందుకు?

ఎడంవైపు గోడ ఉంది. కుడివైపు నడుమెత్తున వావా చెక్కలు పేర్చి ఉన్నాయి.

"ఇవెవరు పెట్టారిక్కడ?"

"మంగళవారం పొద్దున లారీవాళ్ళు దింపిపోయారు మేడమ్. మాస్టర్ వాళ్ళని తిట్టాడు కూడా."

"తీస్తే నీకేమైనా అభ్యంతరమా?"

అసిబే సాయానికి రాబోయాడు గానీ అపోలో భయంతో నేనే వద్దన్నాను. ఎనో సెవా, నేనూ చెరోవైపూ పట్టుకుని ఒక్కొక్క చెక్కే పక్కకి జరిపాం. లేతపసుపు జాకెట్టు వేసుకొచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. చెక్కలన్నీ తీశాక చూస్తే దానిమీద ఒక్క మచ్చ లేదు. అదృష్టం బాగుందనుకున్నాను.

అడుగున సిమెంటు నేలమీద రెండు పాదాల మేర గుంటలు పడి నున్నగా మెరుస్తున్నాయి. మాస్టర్ ముప్ఫై ఏళ్ళు నిలబడిన చోటు అది. ఎనో సెవా వంగి ఆ గుంటల్ని అరచేత్తో నిమిరింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

"సిస్టర్ అఫ్రియే ఈమధ్య కట్టెలు మోసుకుని బతుకుతోందా?"

గుమ్మంలో బ్రెంపాంగ్. మేమిద్దరం ఒకే ఏడు పోలీసులో చేరాం. నేను విసుగెత్తి వదిలేశాను, అతను విసుగు పుట్టిస్తూ పైకెక్కాడు.

"నీ కేసు మోస్తున్నాను," అన్నాను. "నువ్వు చూడకుండా వదిలేసినవి ఇంకేమున్నాయి?"

"చూడాల్సింది చూశాను." జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి ఊపాడు. లోపల గచ్చకాయంత రాయి. "చెక్కలోంచి ఊడిపడింది. ఒడుమ్ రాయి. చెట్టు కడుపులోదే. తట్టి చూస్తే దొరికేది. నీ బాఫో తట్టలేదు, లేకపోతే తట్టి తెలిసీ ఊరుకున్నాడు. పైగా రూలు ప్రకారం తను పెట్టాల్సిన చెక్క. సరిగ్గా ఆ రోజే ఆలస్యంగా వచ్చాడు. ఎందుకమ్మా?"

"వ్యాను చెడిపోయింది నాయనా," అంది ఎనో సెవా.

"వ్యాన్లు చెడిపోవడం కొత్తా అమ్మా? చెడిపోయాయని చెప్పడమూ కొత్త కాదు."

కిటికీ గట్టుమీద మాస్టర్ తన చెక్కల్లోంచి తీసిన ఒడుమ్ రాళ్ళు వరసగా పెట్టుకున్నాడు. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూశాను. బ్రెంపాంగ్ రాయి వైపు చూశాను. నాకు అతని రాయి నచ్చలేదు.

ఎదురుగా ఫొస్వా ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న కెంకే ముద్దలు, వేయించిన చేపలు అమ్ముతుంది. చేపలు కడగడానికి ఆమె దగ్గర నిమ్మకాయలుంటాయి. గుమ్మంలోంచే కేకేశాను.

"ఫొస్వా! రెండు నిమ్మకాయలు విసురు!"

"ముందు చేపలు కొను!" అంది గానీ విసిరింది.

మా నాన్న అలమారలు చేసేవాడు. చిన్నప్పుడు ఒడుమ్ రాళ్ళమీద నిమ్మరసం పిండడం మా అన్నదమ్ములకీ నాకూ ఆట. ఆ రాయి సున్నం జాతిది, పులుపు పడితే నురగ కక్కుతుంది. గట్టుమీది రాతిమీద పిండాను. బుసబుసమని తెల్లగా పొంగింది. బ్రెంపాంగ్ కనుబొమలు పైకి లేచాయి.

"ఇప్పుడు నీది."

సంచీలోంచి తీసి ఇచ్చాడు, ఇష్టం లేకుండానే. రసం దానిమీద నుంచి జారి నేలమీద పడింది. ఒక్క బుడగ లేదు. రెండో నిమ్మకాయ కూడా పిండాను. మామూలు కంకర రాయి, ఇళ్ళకి కాంక్రీటులో పోసే రకం.

"ఇది చెట్టు కడుపులో పుట్టింది కాదు. ఎవడో చెక్కకి రంధ్రం చేసి దూర్చాడు. మేకైతే అయస్కాంతానికి దొరికిపోతుందని రాయి ఎంచుకున్నాడు."

బ్రెంపాంగ్ నవ్వాడు.

"థాంక్యూ సిస్టర్. ఇందాకటి దాకా నా దగ్గర నిర్లక్ష్యం కేసే ఉంది. నువ్వొచ్చి దాన్ని హత్య చేసిపెట్టావు. ఆ చెక్క బాఫోది, సుద్ద బాఫోది. రాయి మాత్రం ఎవరిదంటావు?"

ఎనో సెవా నా వైపు చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. కొడుకుని కాపాడమని తెచ్చుకున్న మనిషే వాడి మెడకి ఉరి బిగించిందని ఆ చూపు. అయినా నోరు మూయలేదు.

"విరిగిన ముక్క ఏది?"

చెక్క సరిగ్గా రంధ్రం దగ్గరే చీలింది. ముక్కని వెలుగులోకి పట్టుకెళ్ళాను. అర్ధచంద్రంలా సగం రంధ్రం మిగిలి ఉంది. అంచున ఒడుమ్ పొడినే బంకలో కలిపి మెత్తిన లప్పం గట్టిపడి ఉంది. రంగు చెక్కలో చెక్కగా కలిసిపోయింది. కంటితో చూస్తే మాస్టరే కాదు, నేనూ మోసపోయేదాన్నే. వేలితో నిమిరాను. ఇనుప బ్రష్ గీతలు చెక్కంతా గరుగ్గా ఉన్నాయి, లప్పం దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. లప్పం నున్నగా ఉంది. దానికి ఇవతల సుద్దగీత ఉంది, అవతల కూడా ఉంది, మధ్యలో లేదు.

"బ్రెంపాంగ్, ఇటు రా. వేలు పెట్టు. భయపడకు, కరవదు."

పెట్టాడు.

"బాఫో దులిపి, తట్టి, సుద్ద గీశాక ఈ రంధ్రం పడింది. ముందే పడి ఉంటే గీత దానిమీదుగా పోయేది. వాడే తర్వాత చేసి ఉంటే సుద్ద వాడి జేబులోనే ఉంది కదా, ఇంకో గీత గీసి కప్పేసేవాడు. శుక్రవారం సాయంత్రం వాడు ఊరెళ్ళాడు. మంగళవారం మామయ్య పోయాక వచ్చాడు. ఎనో, ఆ వీడియో చూపించండి."

మా అంత్యక్రియల్లో వీడియో తీసేవాడు ఎవర్నీ వదలడు. ఎనో సెవా ఫోనులో అంతా ఉంది. శుక్రవారం రాత్రి జాగారంలో బాఫో డప్పు మోస్తున్నాడు, శనివారం శవపెట్టె మోస్తున్నాడు, ఆదివారం చర్చిలో తెల్లబట్టల్లో కునికిపాట్లు పడుతున్నాడు, సోమవారం అద్దెకుర్చీలు లెక్కపెట్టి అప్పగిస్తున్నాడు. బ్రెంపాంగ్ రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.

"వేరేవాడి చేత చేయించి ఉండొచ్చు," అన్నాడు, గొంతులో ఇందాకటి బలం లేకుండా.

"అయితే ఆ వేరేవాణ్ణి వెతుకు. అంతవరకూ వీణ్ణి లోపల పెట్టావంటే రేపు కోర్టులో ఈ ముక్కనీ ఇంకో డజను నిమ్మకాయల్నీ పట్టుకుని నేనే నిలబడతాను."

అతను మెడ గోక్కున్నాడు. "జామీను మీద వదులుతాను. స్థిరమైన పని ఉన్నవాళ్ళు సంతకం పెట్టాలి. నువ్వు పనికిరావు సిస్టర్, నీకు ఉద్యోగమెక్కడిది?"

"నేను పెడతాను సర్," అన్నాడు అసిబే గుమ్మంలోంచి. "వాడు నాకు తమ్ముడు లాంటివాడు. ఒడుమ్ చెక్కలు ఇంకా మూడున్నాయి ఎనో. అన్నీ వాడు శుక్రవారం సుద్ద గీసినవే. నిన్ననే తోపుడుబండి వాళ్ళ చేత ఈ పేటలోనే ఉన్న మా పిన్ని కొడుకు షెడ్డుకి పంపించాను. మాస్టర్ శవపేటిక వాటితోనే చేయిద్దాం. మన యంత్రం ఎలాగూ పాడైంది. కరెంటు రాగానే ఆ చెక్కల్ని బాఫో చేత పెట్టిస్తాను. రూలు రూలే కదా. మామయ్యకి వాడు చేసే ఆఖరి పని."

ఎనో సెవా భోరుమంది. అసిబే చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకోబోతే, "వద్దమ్మా, అపోలో అంటుకుంటుంది," అని వెనక్కి తీసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఈసారి నేనూ కరిగాను. బ్రెంపాంగ్ అతన్ని తన జీపులోనే ఎక్కించుకున్నాడు. రెండు రోజులుగా కొడుకు సరిగ్గా తిని ఉండడని, కర్రపెండలం ఉడకేసి ఫుఫు దంచడానికి ఎనో సెవా ఇంటికి వెళ్ళింది.

నేను పేటలోనే ఉండిపోయాను. ఎవరి కంటా పడకుండా రంధ్రం చేసే వీలున్నది ఆదివారమే కదా, ఆ రోజు ఈ షెడ్డు తెరిచింది ఎవరని కనపడినవాళ్ళందర్నీ అడిగాను. ఆదివారం పేటలో పురుగు కూడా ఉండదన్నారు అందరూ. కాళ్ళు లాగి, ఆకలేసి, ఫొస్వా బెంచీమీద కూలబడ్డాను. కెంకే విప్పి చేప పెట్టింది.

"వదిలేశారటగా పిల్లాణ్ణి?"

"వదులుతున్నారు. అసిబే జామీను. అక్కణ్ణించి ఇటే తీసుకొస్తాడట, మాస్టర్ శవపేటికకి చెక్కలు చిత్రిక పట్టించడానికి."

ఫొస్వా చేపలు తిప్పుతున్న అట్లకాడ ఆగింది. "శవపేటికా? ఇప్పుడా? మాస్టర్ పోయి మూడురోజులు కాలేదు. వంశంవాళ్ళు కూర్చోలేదు, తేదీ పెట్టలేదు. ఎంత లేదన్నా రెండు నెలలు మార్చురీలోనే ఉంటాడు. పేటిక ఎవరికి అంత తొందర?"

ముద్ద నా నోటిదగ్గర ఆగిపోయింది. అశాంటీ దాన్ని, మా ఇంట్లో శవాల్ని నెలల తరబడి ఉంచినవాళ్ళమే. ఏడుపు చూసి నా బుద్ధి ఎక్కడికి పోయింది?

"పాపం బాధలో ఉన్నాడులే," అంది ఫొస్వా తనే సర్దుకుంటూ. "అతనికీ బాధే. పధ్నాలుగేళ్ళ చాకిరీ. ప్రతి క్రిస్మస్‌కీ అదోమాకి బట్ట కొనిపెట్టేవాడు. పైగా ఆ కళ్ళొకటి."

"ఈ అపోలో ఇంకా ఎవరికైనా వచ్చిందా పేటలో?"

"అదే నాకూ ఆశ్చర్యం. అపోలో వచ్చిందంటే వీధంతా ఎర్రకళ్ళే కదా? సోమవారం పొద్దున ఇదిగో ఈ బెంచీమీదే, ఆ కళ్ళతోనే ఈ కప్పుతో నీళ్ళు తాగాడు. నాకు రాలేదు, నా పిల్లలకి రాలేదు. పోయినసారి ఇలాగే వాచాయి కళ్ళు, కప్పకళ్ళల్లాగా. అప్పుడు అపోలో కాదులే. కొత్తలో తెలియక ఒడుమ్‌కి ఉప్పుకాగితం పట్టాడు."

ఒడుమ్‌కి ఉప్పుకాగితం. నున్నటి లప్పం.

నాకు నా పసుపు జాకెట్టు గుర్తొచ్చింది. లారీలోంచి దింపిన చెక్కలైతే ఇసుకా మట్టీ ఒంటినిండా ఉండాలి. అన్ని చెక్కలు ఎత్తి దించినా నా బట్టలు మాయలేదు. ఎవరో ఆ వావా చెక్కల్ని శుభ్రంగా దులిపి పెట్టుకున్నారు. వావా పని చేసేది షాపులో ఒక్కడే. మాస్టర్ నిలబడే చోటుని మూసేసింది వాడే.

కాదు. మాస్టర్ నిలబడే చోటుని కాదు. ఎవరు సుద్ద గీస్తే వాళ్ళే చెక్క పెట్టాలి. వ్యాను చెడిపోతుందని అసిబేకి ఎలా తెలుస్తుంది? ఆ రాయి బాఫో కోసం పెట్టింది. వచ్చే నెల అదోమా తలుపు తట్టబోయేవాడి కోసం. మాస్టర్ తొందరపడి మధ్యలోకి వచ్చాడు. పోయినవాణ్ణే చంపాలనుకున్నారని బ్రెంపాంగ్ అనుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను. బాఫోకి లాకప్పు కంటే భద్రమైన చోటు ఈ ఊళ్ళో లేదు. అక్కణ్ణించి వాణ్ణి లాగి హంతకుడి చేతికి అప్పగించింది నేను.

స్టేషనుకి ఫోను చేశాను. వాళ్ళిద్దరూ వెళ్ళి చాలాసేపైందన్నారు. బాఫో ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు.

"ఫొస్వా, అసిబే పిన్ని కొడుకు షెడ్డు ఏది?"

"పిన్ని కొడుకులు అందరికీ ఉంటారు. నాకేం తెలుసు?"

అప్పుడే కరెంటొచ్చింది. పేటలో అన్ని యంత్రాలూ ఒక్కసారిగా అరిచాయి. ఫొస్వా నోరు కదులుతోంది గానీ మాట వినిపించడం లేదు.

నేను పరిగెత్తాను. ప్రతి షెడ్డు వెనకా గొట్టంలోంచి పొట్టు బయటికి చిమ్ముతోంది. వావా పొట్టు తెల్లగా ఉంటుంది. ఒడుమ్‌ది బంగారు గోధుమరంగు. మొదటి వరస మొత్తం తెలుపు. రెండో వరసా తెలుపు. మూడో వరస మలుపులో, నాలుగో గొట్టంలోంచి గోధుమరంగు పొట్టు అప్పుడే రాలడం మొదలైంది. ఆ గోలలో నా అరుపు నాకే వినపడలేదు. వరస మొదట్లో స్తంభానికి మెయిన్ స్విచ్చి ఉంటుంది. రెండు చేతులా దాని హ్యాండిల్ కిందికి లాగేశాను.

ఆ వరస అంతా చచ్చిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం, వెంటనే కరెంటు వాళ్ళ తల్లుల్నీ అమ్మమ్మల్నీ తిట్టుకుంటూ జనం షెడ్లలోంచి బయటికి రావడం మొదలెట్టారు.

"ఎవరూ ముట్టుకోకండి!" అని అరిచాను. "యంత్రం దగ్గర మనిషి ఉన్నాడు! ఫొస్వా, ఇక్కడ నిలబడు!"

నా వెనకే వగరుస్తూ వచ్చిన ఫొస్వా అట్లకాడ పట్టుకుని స్తంభం ముందు నిలబడింది.

షెడ్డులో బాఫో చెక్కకి సరిగ్గా వెనక నిలబడి ఉన్నాడు. పక్కన నిలబడే చోట వావా చెక్కలు పేర్చి ఉన్నాయి. ఒడుమ్ చెక్క సగం యంత్రంలోకి పోయింది. గుమ్మం పక్కన అసిబే.

"ఏమైంది మేడమ్? కరెంటు పోయిందా?" అన్నాడు నెమ్మదిగా.

చెక్కమీద అరచెయ్యి వేసి నిమిరాను. గరుగ్గా, గరుగ్గా, ఒక్కచోట నున్నగా. యంత్రం నోటికి జానెడు దూరంలో.

"బాఫో, సుద్ద గీసింది నువ్వే కదా? ఇక్కడ గీత ఎందుకు తెగింది?"

వాడు వంగి చూశాడు. వేలితో తడిమాడు. "నేను తెంచలేదు ఆంటీ," అన్నాడు.

వెనక్కి తిరిగాను. గుమ్మం పక్కన ఎవరూ లేరు.

బయట ఫొస్వా కెవ్వుమంది. యంత్రం గుర్రుమంది. నేను మెయిన్ ఆపాను గానీ యంత్రం స్విచ్చి ఆపలేదు. బాఫో బట్ట అందిపుచ్చుకుని వావా చెక్కల మీదికి లాగాను. ఇద్దరం వాటిమీద పడ్డాం. తుపాకీ పేలినట్టు చప్పుడు. చెక్క మా మోకాళ్ళ పక్కనుంచి దూసుకుపోయి వెనక రేకుగోడని చీల్చుకుని బయటపడింది.

బాఫో పాక్కుంటూ వెళ్ళి యంత్రం ఆపాడు. నా చెవుల్లో ఇంకా హోరుగానే ఉంది. చిరిగిన రేకులోంచి బయటికి చూశాం.

స్తంభం దగ్గర అసిబే నిలబడి ఉన్నాడు. చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. కాళ్ళ దగ్గర ఫొస్వా పడి ఉంది, మోచెయ్యి పట్టుకుని తిడుతూ. అసిబే కళ్ళద్దాలు ఎక్కడో పడిపోయాయి, కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. అతని చుట్టూ వరసలో ఉన్నవాళ్ళందరూ ఉన్నారు. ముట్టుకోవద్దన్నానని విన్నారు, ఫొస్వాని తోసేయడం చూశారు, హ్యాండిల్ పైకెత్తడం చూశారు. మెల్లగా దగ్గరికి జరిగారు.

"ఈ చెక్క మామయ్య పేటికకి అన్నావు కదా, అన్నా," అన్నాడు బాఫో.

అసిబే హ్యాండిల్ మీదనుంచి చెయ్యి తీశాడు.